జానెడుకు రెండు గంటలు

మా బాపుకు పక్షవాతం వచ్చిన రోజు ఆయనా అమ్మా ఒకే బల్ల మీద కూర్చుని ఒకే జంపఖానా నేస్తున్నారు. మా కొత్తవాడలో పెద్ద జంపఖానా ఎప్పుడూ ఇద్దరి పని. మగ్గం ముందు అడ్డంగా బల్ల వేసుకుని పక్కపక్కన కూర్చుంటారు. కుడివైపు సగం ఒకరిది, ఎడమవైపు సగం ఒకరిది. పేక నూలు, అంటే అడ్డం పోగు, ఇటునుంచి అటు పోయేటప్పుడు మధ్యలో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది. ఆ తర్వాత ఇద్దరూ ఇనుప పంజాలతో ఆ వరసను దబదబా దట్టిస్తారు. నలభై ఏళ్ల వాళ్ల కాపురం చాలామటుకు ఆ బల్ల మీదే గడిచింది. కొట్లాడుకున్నా అక్కడే, రాజీపడినా అక్కడే. ఆ రోజు అమ్మ నూలు అందుకోవడానికి చెయ్యి చాపితే బాపు ఇవ్వలేదు. "ఇయ్యరాదా, ఏం జూస్తానవ్?" అని కసిరిందట. తిరిగి చూసేసరికి ఆయన ఆమె భుజం మీదికి ఒరుగుతున్నాడు. మొదట సరసమనుకుందట. "సిగ్గులేదా, పట్టపగలు" అని పక్కకు నెట్టిందట కూడా. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అమ్మ అక్కడే ఏడ్చేది.

డెబ్భైల చివరి రోజులవి. బాపుకు అరవై దాటాయి, అమ్మకు యాభై ఎనిమిదో తొమ్మిదో. వాళ్లకు నేనొక్కదాన్నే. హనుమకొండలో చిన్నపిల్లల బడిలో టీచర్‌ని. మొగుడు, ఇద్దరు పిల్లలు, మంచి మనసూ చెడ్డ నోరూ ఉన్న అత్తగారు నాకు. అత్తగారి నోటి గురించి అంటున్నాను కానీ నాది మాత్రం తక్కువా? కోపం నా ముక్కు మీదే ఉండేది. బడిలో పిల్లలు నా చెప్పుల చప్పుడు విని పుస్తకాలు తెరిచేవాళ్లు. ఇది ముందే చెప్పుకోవడం నయం, ఎందుకంటే నేను చెప్పబోయేదాంట్లో నా కోపం చాలా ఉంది.

మూడు వారాల తర్వాత పెద్ద దవాఖాన నుంచి బాపును ఇంటికి తెచ్చాం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. "జరుగు." బల్ల మీద అమ్మతో రోజుకు పదిసార్లు అనే మాట అది. ఇక అన్నింటికీ అదే. దాహమేస్తే "జరుగు". దోమ కుడితే "జరుగు". నేను వెళ్తే సంతోషపడి ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని "జరుగు, జరుగు" అనేవాడు. "రమ్మంటానవా, పొమ్మంటానవా బాపూ?" అని నేను నవ్వేదాన్ని. ఆయన కూడా సగం మూతితో నవ్వేవాడు.

దవాఖాన వదిలేటప్పుడు డాక్టరు నన్నూ అమ్మనూ నిలబెట్టి ఒకటే చెప్పాడు. "మందులు ఒక పూట తప్పినా ఏం కాదు. రెండు గంటలకోసారి పక్క మార్చడం మాత్రం తప్పొద్దు. ఒక్క పక్కనే పడి ఉంటే ఒంటి మీద పుండు పడుతుంది. పుండు పడితే ఈ వయసులో మానదు. మనిషి దక్కడు." అమ్మ ఆ మాటను తాళి ముట్టుకుని విన్నది.

ఇంటికొచ్చాక అమ్మకు ఒకటే బెంగ. "తిప్పుడైతే తిప్పుత. గడియారం సూసుడు నాకేడొస్తది బిడ్డా? రెండు గంటలైనట్టు ఎట్ల తెల్వాలె?" ఇంట్లో గడియారం లేదు. మిల్లు సైరన్ ఉంది కానీ అది షిఫ్టుకోసారి కూస్తుంది. కొత్తగా గడియారం కొని నేర్పొచ్చు. కానీ పంతులమ్మను కదా, నాకు అంతకంటే గొప్ప ఉపాయం తట్టింది. బాపు మంచాన్ని మగ్గం పక్కకే లాగించాను. పెద్ద జంపఖానాలు ఇక ఆమె ఒక్కతి వల్ల కావు కాబట్టి, నూలిచ్చి నేయించుకునే సేటు చిన్నవి ఇచ్చాడు. అమ్మను నేయమని, నేను చేతి గడియారం పెట్టుకుని పక్కన కూర్చున్నాను. సరిగ్గా రెండు గంటలకు ఆమె జానెడు నేసింది. మధ్యలో లేచి జావ పట్టించి వచ్చింది కూడా. మళ్లీ కొలిచాను. మళ్లీ జానెడే. "సూసినవా? జానెడు నేసినవంటే రెండు గంటలైనట్టు. అప్పుడు లేచి బాపును తిప్పు" అన్నాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. "నా బిడ్డ సదువుకున్నదాయె మరి" అని నా తల నిమిరింది. ఎంత మురిసిపోయానో నేను!

అప్పటి నుంచి జానెడు కాగానే అంచున నిలువు పడుగు పోగుకు ఎర్ర నూలు పోగు కట్టేది. లేచేది. బాపు కింద ఎప్పుడూ ఒక పాత జంపఖానా పరిచి ఉంచేది. దాని అంచు రెండు చేతులా పట్టుకుని, మోకాలు మంచం పట్టెకు ఆనించి లాగితే మనిషి మొత్తం పక్కకు తిరిగేవాడు. ఆయన బరువు ఆమెకు ఒకటిన్నర రెట్లు. వీపు వెనక చీరలు మడిచి పెట్టి, తడి ఉంటే తుడిచి, పౌడరు చల్లి మళ్లీ బల్ల మీదికి. రాత్రుళ్లు ఆయన నడుము మీద చెయ్యి వేసి నేల మీద పడుకునేది. మెలకువ వచ్చినప్పుడల్లా తిప్పేది. మెలకువ వస్తుందా అమ్మా అంటే, "నిద్ర పడ్తె గద మెలకువ రానీకె" అని నవ్వేది.

నేను వద్దన్నానా? ఒకసారి అన్నాను. "మగ్గం బందుజెయ్యి, ఇంటి ఖర్చు నేను చూసుకుంట" అన్నాను. ఆమె ప్రయత్నించింది కూడా. రెండు రోజులు మగ్గం ఆగితే బాపు పిచ్చెత్తినట్టు చేశాడు. పంజా చప్పుడు వినబడకపోతే ఆయనకు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. "జరుగు! జరుగు!" అని అరిచి, ఎడమ చేత్తో మంచం పట్టె కొట్టి, అన్నం ముద్ద ఉమ్మేశాడు. మూడో రోజు అమ్మ మళ్లీ కూర్చుంది. నాకు లోపల హాయిగా అనిపించింది. మా ఇంటికి తెచ్చుకుంటానని కూడా ఒకసారి అన్నాను. అత్తగారు వింటున్నప్పుడు అన్నాను, అమ్మ వద్దంటుందని తెలిసే అన్నాను.

ఏడాదిన్నర గడిచింది. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేదాన్ని. గడప దాటుతూనే "బాపు ఎట్లున్నడు?" అనేదాన్ని. చెప్పులు విప్పి, ఆయన్ని పక్కకు ఒరిగించి, చొక్కా ఎత్తి వీపు చూసేదాన్ని. పిల్లల కాపీ పుస్తకం దిద్దినట్టు తుంటి, మడమ, భుజం అన్నీ చూసేదాన్ని. ఒక్క ఎర్రటి చుక్క కూడా ఉండేది కాదు. దవాఖానలో ఆయనతోపాటు ఉన్న వాళ్లు ఒక్కొక్కరే పోయారని విన్నాం. మా బాపు వీపు మాత్రం చంటిపిల్లాడి వీపు. బడిలో తోటి టీచర్లకు ఈ సంగతి గొప్పగా చెప్పేదాన్ని, నేనే తిప్పుతున్నట్టు.

అమ్మ ముఖం కూడా చూశాను, చూడలేదని ఎలా అంటాను? అన్నంలో రెండుసార్లు ఉప్పు వేసేది. పొయ్యి మీద పాలు పొంగి కారుతుంటే ఎదురుగా నిలబడి చూస్తూ ఉండేది. జాకెట్టు తిరగేసి తొడుక్కునేది. ఒకరోజు నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నోట్లో ముద్ద ఉండగానే నిద్రపోయింది. "నాకేమో నడుం వాల్చనీకె టైం దొర్కది. నీకు కూసున్నకాడనే నిద్ర. రాణీవమ్మా నువ్వు" అని ఎగతాళి చేశాను. ఉలిక్కిపడి లేచి, "ఏమన్నవ్ బిడ్డా?" అని సిగ్గుపడింది. నేసినవి ఇవ్వడానికి నేను వెళ్లినప్పుడు సేటు కూడా అన్నాడు. "మీ అమ్మ చెయ్యి జర స్లో అయింది టీచరమ్మా. వారానికొకటి ఇచ్చేది, ఇప్పుడు పదిహేను దినాలైనా వస్తలేదు." నాకు ఒళ్లు మండింది. "ముసలామెను ఇంకేం ఉరికిస్తవ్ సేటూ?" అని దులిపేసి వచ్చాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని నేను. ఏడు రోజుల పని పదిహేను రోజులవుతోందంటే దాని అర్థమేమిటో అక్కడే ఆలోచించాల్సింది. నా బుర్రకు తట్టలేదు.

ఒక ఆదివారం చొక్కా ఎత్తితే, ఎడమ తుంటి ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ నల్లబడి ఉంది. వాసన కూడా వస్తోంది.

ఆ క్షణం నాకు బాపు మీద జాలి రాలేదు. అమ్మ మీద కోపమొచ్చింది. "తిప్పుతలెవ్వా నువ్వు?" అని అరిచాను.

"తిప్పుతాన్న బిడ్డా. జానెడుకోసారి తప్పకుండ తిప్పుతాన్న."

"అబద్ధాలాడకు. తిప్పితె పుండెట్లయితది?"

"మీ బాపు మీద ఒట్టు."

"ఆయన మీద ఒట్లు తర్వాత పెట్టు. ముందుగాల ఆయన్ను తిప్పు!"

ఇరుగుపొరుగు తలుపుల దగ్గరికి వచ్చారు. కాంపౌండరును పిలిపించి కట్టు కట్టించాను. పుండు లోపలికి దిగిందని, ఇక ఒక్కసారి కూడా ఆ పక్కన ఎక్కువసేపు ఉంచొద్దని ఆయన చెప్పి వెళ్లాడు. ఇక బాపును దక్కించుకోవాలంటే ఆ ఒక్క పని సరిగ్గా జరగాలి. అది జరగడం లేదు, అమ్మేమో జరుగుతోందని ఒట్టేస్తోంది. నాకేమీ పాలుపోలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. సాయం చేయడానికని ఎవరూ అనుకోవద్దు. పట్టుకోవడానికి వెళ్లాను. ఎనిమిదిన్నరకు అమ్మ బాపును కుడి పక్కకు తిప్పి, ఎర్ర పోగు కట్టి, బల్ల మీద కూర్చుంది. ఎప్పటిలాగే ఎడమ చివరన, బాపు చోటు ఖాళీగా వదిలి. నేను గోడకు ఆనుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఆమె చేతులు నేను చిన్నప్పుడు చూసిన చేతులు కావు. పేక ఒక వరస పోసి ఆగేది. ఏ రంగు పొయ్యాలో మర్చిపోయి నూలు ఉండలను చూసేది. తప్పు పోసి విప్పేది. పంజా పైకెత్తిన చెయ్యి పైనే ఉండిపోయేది, కళ్లు తెరిచే ఉండేవి, మనిషి మాత్రం నిద్రలో ఉండేది. చప్పుడు ఆగగానే మంచం మీద నుంచి బాపు "జరుగు" అనేవాడు. పంజా కిందికి దిగేది. తాను ఆగిన సంగతే ఆమెకు తెలియదు. ఒకసారి బాపు కునుకు తీస్తుంటే అలా ఏడు నిమిషాలు ఉండిపోయింది. నేను గడియారంలో చూశాను. లేపలేదు. పట్టుకోవడానికి వచ్చానని చెప్పాను కదా.

పదిన్నరకు "అమ్మా, రెండు గంటలైంది" అన్నాను.

అమ్మ నేత వైపు చూసి, నా వైపు చూసి నవ్వింది. "యాడ బిడ్డా? జానెడు కాలేగద. ఇంక సగం గుడ గాలే. నువ్వు నీ బడిపోరగాండ్లకు జెప్పుకో, ఇది నాకు దెల్సు."

లేచి బాపును నేనే తిప్పాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఆమె జానెడు నేసి ఎర్ర పోగు కట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచేసరికి ఒంటిగంట. "ఇగో, ఇప్పుడైంది. తిప్పుదాం పట్టు" అంది నిశ్చింతగా.

ఒట్టు నిజమే. ఒక్కసారి కూడా మానలేదు. నేను చెప్పినట్టే చేసింది.

"అమ్మా, నీ చెయ్యి మెల్లగైంది. నీ జానెడుకు ఇప్పుడు నాలుగున్నర గంటలు పడ్తాంది" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నేసిన దాని మీద జాన పెట్టి చూసింది. సరిపోయింది. మళ్లీ పెట్టింది. నా గడియారం వైపు చూసింది. తర్వాత బాపు తుంటి మీది కట్టు చూసింది. "అంటే... ఆ పుండు నేను జేసిందేనా బిడ్డా?"

కాదు అనాలి. ఏ మనిషైనా కాదు అంటాడు. శత్రువైనా కాదనే అంటాడు. నిన్నటి కోపం ఇంకా గొంతులోనే ఉంది నాకు. "మరింకెవలు జేసిండ్రు?" అన్నాను.

నా నోట్లో మన్ను పడ. ఆ మాట అనగానే నాలుక కరుచుకున్నాను కానీ ఏం లాభం? అమ్మ ఏడవలేదు. బాపు దగ్గరికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి ఆమె తల మీద పెట్టి "జరుగు" అన్నాడు. అమ్మ నిజంగానే కొంచెం పక్కకు జరిగింది.

మర్నాడే అలారం గడియారం కొన్నాను. పది రోజులు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. తిప్పడం నా పని, కట్లు నా పని, మల మూత్రాలు నా పని. అమ్మను పడుకోమన్నాను. ముప్పై ఏడేళ్ల గట్టి మనిషిని, నాలుగో రోజుకు నా నడుము విరిగిపోయింది. చేతులు పైకి లేవలేదు. ఉత్త పుణ్యానికి ఏడుపు వచ్చేది. ఐదో రోజు మధ్యాహ్నం అలారం మోగి మోగి ఆగిపోయినా నాకు మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ మంచం పట్టెకు మోకాలు ఆనించి, జంపఖానా అంచు లాగుతోంది. నన్ను లేపలేదు. ఒక్క మాట అనలేదు. ఏడాదిన్నర ఆమె ఇలా ఎలా బతికిందో ఆ రోజు నా ఒంటికి తెలిసింది.

పుండు మానలేదు. జ్వరం పట్టుకుంది. దవాఖానలో సూదులు వేశారు, లాభం లేదని ఇంటికి పంపారు. నెల తిరక్కుండానే, ఒక పొద్దున అమ్మ జావ పట్టిస్తుండగా బాపు పోయాడు. నోట్లో పోసిన జావ చెంప మీదికి కారితే తుడిచి, ఇంకో చెంచా పట్టుకుని కాసేపు అలాగే కూర్చుందట.

పరామర్శకు వాడకట్టంతా వచ్చింది. "నీయంత సేవ జేసినోళ్లను సూడలే అక్కా, సీతమ్మ గుడ జెయ్యది" అని ఆడవాళ్లు అంటుంటే అమ్మ తల అడ్డంగా ఊపేది. "లేదవ్వా. నేనే సంపుకున్న. నా చెయ్యి మెల్లగైంది, నాకు దెల్వలే" అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. వాళ్లు దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. నేను పక్కనే కూర్చున్నాను. ఆ కొలత పెట్టింది నేనని, ఆ మాట ఆమె నోటికి ఇచ్చింది నేనని పదకొండు రోజుల్లో ఒక్కరికీ చెప్పలేదు. నోరు గల దాన్నని పేరు నాకు.

ఆ తర్వాత అమ్మ నిద్రపోయింది. నెలల తరబడి నిద్రపోయింది. పొద్దున, మధ్యాహ్నం, కూర్చుని, ఒరిగి. మొగుడు పోయిన మనిషికి ఇంత నిద్ర ఎలా పడుతుందని గల్లీలో గుసగుసలు. నేను వారానికి మూడుసార్లు వచ్చేదాన్ని. ఆమె పడుకుంటే పక్కన కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని.

ఆర్నెల్ల తర్వాత ఒక సాయంత్రం అమ్మ లేచి, ముఖం కడుక్కుని, నేనిచ్చిన చాయ్ తాగుతుంటే నేనిక ఆగలేకపోయాను. "అమ్మా, ఆనాడు నేనట్ల అనొద్దుండె. కొలత పెట్టింది నేను. తప్పు నాది" అన్నాను.

"నువ్వు పెట్టిననాడు కొలత మంచిగనే ఉండె బిడ్డా. నా ఒళ్లే తప్పింది" అంది. నన్ను ఓదారుస్తోంది, ఆమె!

"అంత అలిసిపోయినవా అమ్మా?"

కప్పు కింద పెట్టింది. కళ్లనిండా నీళ్లు. "బాగ అలిసిపోయిన బిడ్డా. ఎట్ల చెప్పాలె నీకు? ఒక్కోపారి ఆయన్ను తిప్పుతాంటె, నేను గుడ ఆ పక్కనే పడి సచ్చిపోతె మంచిగుండు అనిపిచ్చేది."

"మరి ఒక్కనాడన్న నాకు చెప్పకపోతివి?"

"నువ్వెన్నడడిగినవ్?" నిష్ఠూరం కాదు. నిజంగా గుర్తు చేసుకుంటూ అంది. "బాపు ఎట్లున్నడు అని అడుగుతుంటివి. బాపు సంగతి చెప్తుంటి. నన్నడిగితె, నా సంగతి చెప్తుంటి."

నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని గుక్కపట్టి ఏడ్చాను. ఆమె నా వీపు రాస్తూ కూర్చుంది.

అమ్మ ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. వెళ్లిన ప్రతిసారీ గడపలోనే అడిగేదాన్ని, "ఎట్లున్నవమ్మా? అలిసినట్టున్నదా?" అని. చివరి ఏడాది మంచం పట్టి మా ఇంట్లో ఉన్నప్పుడు పూటపూటకూ అడిగాను. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అనేది. ఆ ఒక్క సాయంత్రం తప్ప, అలిసిపోయానని మళ్లీ ఎన్నడూ నాతో అనలేదు.